మొక్కజొన్న కోసిన చేనులో అట్రాజిన్ ఎంత మిగిలింది? పాలకూరతో కట్టిన పరీక్ష పెట్టె: ప్రాజెక్టు డైరీ

కర్నూలు చుట్టుపక్కల మొక్కజొన్న కోసిన చేనులో ఉల్లి, శనగ లేదా టమాటా వేసే ముందు, ఆ మట్టిలో అట్రాజిన్ అనే కలుపు మందు కొత్త పంటను దెబ్బతీసేంత మిగిలి ఉందో లేదో ఒక పూటలో తేల్చాలి. ఈ పెట్టె పని అదే. మొక్కజొన్నకు ఈ మందు హాని చేయదు. ఆ మొక్క అట్రాజిన్‌ను గ్లూటాథయోన్‌తో జతకలిపి నిర్వీర్యం చేసుకుంటుంది. ఉల్లికీ టమాటాకీ ఆ శక్తి చాలదు. మన నల్లరేగడి పీహెచ్ చాలాచోట్ల 8 దాటి ఉంటుంది. క్షార నేలలో అట్రాజిన్ విరగడం నెమ్మదిస్తుంది, మట్టికి అంటుకోవడమూ తగ్గుతుంది. అంటే ఆమ్ల నేలల్లో కంటే ఇక్కడ ఎక్కువ కాలం వేళ్లకు అందుతూ ఉంటుంది. కౌలుకు దిగిన రైతుకు ముందటి పంటలో ఎవరు ఏ మందు ఎంత కొట్టారో తెలిసే దారి లేదు. నష్టం మాత్రం అతనిదే.

నేను డిగ్రీ కళాశాలలో జీవరసాయన శాస్త్రం చెబుతాను. సెంట్రిఫ్యూజ్, స్పెక్ట్రోఫోటోమీటర్, పీహెచ్ మీటర్ కళాశాలవి. వాటి ఖర్చు ఇక్కడి లెక్కల్లో లేదు.

దశ 1: కంది యూరియేజ్ (వదిలేసిన దారి)

మొదట చూసింది గ్లైఫోసేట్ అనే మరో కలుపు మందు కోసం. యూరియేజ్ ఎంజైమ్‌ను గ్లైఫోసేట్ అడ్డుకుంటుందన్న ఆధారంతో సెన్సర్లు కట్టినవారు ఉన్నారు. జేమ్స్ సమ్నర్ 1926లో స్ఫటికంగా విడదీసిన తొలి ఎంజైమ్ యూరియేజే. ఆయన దాన్ని ఒక రకం చిక్కుడు గింజల నుంచి తీశారు. మనకు కందుల్లోనూ ఉలవల్లోనూ అది దండిగా దొరుకుతుంది. పొట్టుతో ఉన్న కందులు నానబెట్టి, రుబ్బి, వడకట్టి, యూరియా, ఫినాల్ రెడ్ (పీహెచ్ మార్పును రంగుతో చూపే సూచిక) కలిపితే అమ్మోనియా పుట్టి పసుపు రంగు గులాబీకి తిరుగుతుంది. మందు ఉంటే ఆ తిరగడం ఆలస్యం కావాలి.

ఇక్కడి నీళ్లతో అది కుదరలేదు. కారణాలు రెండు.

బోరు నీళ్ల పీహెచ్ 8కి అటూ ఇటూ ఉంటుంది. ఫినాల్ రెడ్ వేయగానే గులాబీ రంగు వస్తుంది. కాసింత ఆమ్లం వేసి సరిచేసినా, నీళ్లలోని బైకార్బొనేట్ పీహెచ్‌ను కదలనివ్వదు. గట్టి బఫర్ (పీహెచ్ మారకుండా నిలిపే ద్రావణం) వేస్తే రంగు మారడానికి మందున్నా లేకున్నా ఒకే సమయం పట్టింది.

రెండోది ఇంకా ముఖ్యం. అనంతపురం వైపు ఊరి నుంచి తెచ్చిన బోరు నీళ్లు, ఏ మందూ తగలని చోటివి, యూరియేజ్‌ను స్పష్టంగా నెమ్మదింపజేశాయి. కారణం ఫ్లోరైడ్. అది యూరియేజ్‌కు ప్రసిద్ధమైన నిరోధకం. స్వేదనజలంలో లీటరుకు 4 మి.గ్రా. ఫ్లోరైడ్ వచ్చేలా సోడియం ఫ్లోరైడ్ కలిపి చూస్తే అదే ఆలస్యం కనిపించింది. తాగునీటికి భారతీయ ప్రమాణం ఫ్లోరైడ్‌ను 1 మి.గ్రా. దగ్గర ఆపమంటుంది, వేరే దారి లేకపోతే 1.5. మన జిల్లాల్లో అది దాటిన బోర్లు ఎన్నో ఉన్నాయి. రాయలసీమ నీళ్లలో యూరియేజ్ పెట్టి కలుపు మందు వెతకాలనుకునేవారు ముందుగా ఫ్లోరైడ్ కొలవాలి. లేకపోతే దొరికేది ఫ్లోరైడే.

ఖర్చు: ₹640. మొత్తం: ₹640.

దశ 2: ఎంజైమ్ మార్పు, పాలకూర థైలకాయిడ్లు

మందు సహజంగా ఎక్కడ దెబ్బకొడుతుందో అక్కడి ఎంజైమ్‌నే వాడితే ఇతర పదార్థాల గోల తగ్గుతుంది. అట్రాజిన్ పత్రహరితపు పొరల్లోని (వీటినే థైలకాయిడ్లు అంటారు) ఫోటోసిస్టమ్ 2 అనే ప్రోటీన్ల గుంపులో కూర్చుంటుంది. అందులోని డీ1 ప్రోటీన్‌లో ప్లాస్టోక్వినోన్ అనే అణువు వచ్చి ఎలక్ట్రాన్లు తీసుకునే గూడు ఒకటి ఉంది. అట్రాజిన్ ఆ గూడును ఆక్రమిస్తుంది. ఎలక్ట్రాన్ల దారి అక్కడే మూసుకుపోతుంది.

విడదీసిన హరితరేణువులు వెలుతురు తగిలితే ఆక్సిజన్ ఇస్తాయని రాబర్ట్ హిల్ 1937లో చూపించారు. ఆ చర్యకు డీసీపీఐపీ అనే నీలి రంగును జతచేస్తే, ఎలక్ట్రాన్లు అందుకుని అది రంగు కోల్పోతుంది. రంగు పోయే వేగమే మన కొలత. మందు ఉంటే నీలం నిలిచిపోతుంది.

ఈ పెట్టె అట్రాజిన్, మెట్రిబుజిన్, డైయురాన్, ఐసోప్రోట్యురాన్ లాంటి ఫోటోసిస్టమ్ 2 మందులనే చూస్తుంది, అదీ వాటిలో ఏది ఉందో చెప్పకుండా. గ్లైఫోసేట్, పెండిమిథాలిన్, ఇమాజెథాపిర్ దెబ్బతీసే చోట్లు వేరు. అవి ఎంత ఉన్నా ఇందులో కనబడవు. వేరుశనగ చేనుకు పెండిమిథాలిన్, ఇమాజెథాపిర్ కొట్టిన రైతు మట్టి తెస్తే పరీక్ష చేయకుండా తిప్పి పంపడమే న్యాయం.

ఆకు ఎంపికలో తేలిన సంగతులు:

గోంగూర పులుపుకు డీసీపీఐపీ నీలం వదిలి గులాబీ రంగుకు తిరిగింది. బచ్చలి జిగురు గుడ్డలో నుంచి దిగలేదు. తోటకూర పనిచేసింది. కానీ ఆ జాతిలో డీ1 ప్రోటీన్ 264వ స్థానంలో సెరీన్‌కు బదులు గ్లైసీన్ ఉండి అట్రాజిన్‌కు లొంగని మొక్కలు ప్రపంచంలో నమోదయ్యాయి. అలాంటి ఆకు వస్తే మందున్న మట్టి కూడా శుభ్రంగా కనిపిస్తుంది. అందుకే పాలకూరకు కట్టుబడ్డాను. మన అంగట్లో దొరికే పాలకూర బీట్‌రూట్ జాతిది, విదేశీ పుస్తకాల్లోని స్పినాచ్ కాదు. కాబట్టి వారి అంకెలను యథాతథంగా వాడకూడదు.

తయారీ ఇలా స్థిరపడింది:

1. పాలకూర ఆకులు 25 గ్రా. తొడిమలు, మధ్య ఈనెలు తీసేసి అరగంట ఐసు నీళ్లలో ఉంచాలి.
2. చల్లని ద్రావణం 75 మి.లీ. (లీటరుకు పంచదార 103 గ్రా., ఉప్పు 0.6 గ్రా., బఫర్ 50 మిల్లీమోలార్, పీహెచ్ 7.2) పోసి మిక్సీలో 5 సెకన్ల చొప్పున మూడుసార్లు తిప్పాలి. ఆపకుండా తిప్పితే బ్లేడు వేడికే సగం శక్తి పోతుంది.
3. నాలుగు పొరల పలుచని నూలు గుడ్డలో వడకట్టాలి. పిండకూడదు.
4. నిమిషానికి 3000 చుట్ల వేగంతో 10 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేసి, పైనీరు పారబోయాలి.
5. అడుగున మిగిలిన పచ్చని ముద్దను 5 మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడ్ నీళ్లలో ఒక నిమిషం కలిపి రేణువులను పగలగొట్టి, వెంటనే అంతే పరిమాణంలో రెట్టింపు గాఢత ద్రావణం పోయాలి.
6. చిటికెడంత తీసి 80 శాతం అసిటోన్‌లో కలిపి 652 నానోమీటర్ల దగ్గర శోషణ చూడాలి. దాన్ని 34.5తో భాగించి, ఎన్ని రెట్లు పలుచన చేశామో దానితో గుణిస్తే మి.లీ.కు ఎన్ని మి.గ్రా. పత్రహరితమో వస్తుంది. మి.లీ.కు 0.15 మి.గ్రా. వచ్చేలా పలచన చేయాలి.

ఆరో మెట్టును దాటవేయవద్దు. పత్రహరితం మూడింతలు ఎక్కువైతే రంగు చకచకా పోయి చూడముచ్చటగా ఉంటుంది కానీ, అంతే మందుకు నిరోధం (రంగు పోయే వేగంలో వచ్చే తగ్గుదల) తగ్గుతుంది. మందు అణువులు పంచుకోవలసిన గూళ్లు పెరుగుతాయి మరి.

వేసవిలో 38 డిగ్రీల గదిలో బల్లమీద పెట్టిన థైలకాయిడ్లు 40 నిమిషాల్లో సగం శక్తి కోల్పోయాయి. ఐసులో చీకట్లో ఉంచినవి మూడు గంటలు నిలిచాయి. ఏప్రిల్, మే నెలల్లో ఈ పని తెల్లవారుజామునే.

ఖర్చు: డీసీపీఐపీ ₹1,150, ఐసు పెట్టె, పంచదార, గుడ్డ, ఆకుకూర ₹540. మొత్తం: ₹2,330.

దశ 3: పెట్టె

కళాశాల పరికరంతో కొలవవచ్చు. కానీ దాన్ని చేను దగ్గరికి తీసుకుపోలేము. అందుకే చిన్న పెట్టె.

వెలుతురు కోసం మొదట వాడిన 100 వాట్ల బల్బు, నమూనా పోసే చిన్న పారదర్శక పాత్ర అయిన క్యూవెట్‌ను 41 డిగ్రీలకు వేడెక్కించింది. స్వేదనజలం కూడా మందున్నట్టే చూపింది. బల్బుకూ క్యూవెట్‌కూ మధ్య నీళ్లు నింపిన గాజు సీసా పెడితే వేడి తగ్గింది, పెట్టె మాత్రం మోయలేనంత అయింది. చివరికి 450 నానోమీటర్ల నీలి ఎల్ఈడీలు నాలుగు పెట్టాను. మూడు నిమిషాల్లో పెరిగిన వేడి ఒక డిగ్రీ లోపే.

కొలతకు 605 నానోమీటర్ల నారింజ ఎల్ఈడీ, ఎదురుగా వెలుతురు సెన్సర్. మొదట వేసిన ఎల్డీఆర్ (వెలుతురును బట్టి విద్యుత్ నిరోధకత మారే భాగం) నెమ్మదిగా స్పందించింది. దాని స్పందన సరళరేఖ కూడా కాదు. దాని బదులు బీహెచ్1750 అనే డిజిటల్ వెలుతురు సెన్సర్ వేశాక కుదిరింది. రెండు దీపాలూ ఒకేసారి వెలిగితే నీలి కాంతి సెన్సర్‌లోకి పారుతుంది. అందుకే ఆర్డ్వినో నానో అనే చిన్న నియంత్రణ బోర్డు వాటిని వంతులవారీగా నడుపుతుంది. నీలం 15 సెకన్లు వెలిగి ఆరిపోతుంది, ఒక సెకను ఆగి నారింజలో కొలుస్తుంది. అలా పన్నెండుసార్లు.

శోషణ అంటే ఖాళీ ద్రావణం ఇచ్చిన వెలుతురును నమూనా ఇచ్చిన వెలుతురుతో భాగించి, దాని సంవర్గమానం తీయడం. డీసీపీఐపీ పలుచనలు ఆరింటిని కళాశాల పరికరంలోనూ పెట్టెలోనూ చూస్తే 0.1 నుంచి 0.9 దాకా తేడా 4 శాతం మించలేదు. 0.9 పైన పెట్టె తక్కువ చూపుతుంది. కాబట్టి మొదటి శోషణ 0.8 దగ్గర ఉండేలా రంగు వేయాలి.

థైలకాయిడ్లు కదలకుండా ఉంటే అడుగుకు దిగుతాయి. మూడు నిమిషాల్లో దీనివల్లే శోషణ 0.02 తగ్గుతుంది. రంగు వేయని క్యూవెట్ ఒకటి నడిపి ఆ తగ్గుదలను తీసేయాలి.

ఖర్చు: ₹1,480. మొత్తం: ₹3,810.

దశ 4: మట్టి నుంచి మందును బయటికి రప్పించడం

ఈ ప్రాజెక్టులో ఎక్కువ కాలం తిన్నది ఇదే. సెన్సర్ సంగతి రాసేవారంతా దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు. చేను మట్టితో పనిచేసేవారికి అసలు కష్టం ఇక్కడే ఉంది.

*స్వేదనజలం.* నల్లరేగడి 10 గ్రా., నీళ్లు 20 మి.లీ. అరగంట కుదిపితే బంకమన్ను చెదిరి కాఫీలా నిలబడింది. మరుసటి రోజుకూ తేరలేదు. వడపోత కాగితం పూడుకుపోయింది.

*కాల్షియం క్లోరైడ్ నీళ్లు.* 0.01 మోలార్ కాల్షియం క్లోరైడ్‌లో కుదిపితే బంకమన్ను గుంపుకట్టి పది నిమిషాల్లో దిగింది. పైన లేత పసుపు నీరు. కానీ అప్పటిదాకా వాడిన ఫాస్ఫేట్ బఫర్‌లో దాన్ని పోయగానే కాల్షియం ఫాస్ఫేట్ తెల్లగా విరిగింది, శోషణ పైకి పాకింది. రంగు పోవడం లేదన్నట్టు, అంటే మందు ఉన్నట్టు, కనిపిస్తుంది. మందు తగలని ఇంటి పెరటి మట్టి 60 శాతం నిరోధం చూపించింది ఇందువల్లే.

ఫాస్ఫేట్ తీసేసి హెపీస్ అనే మరో బఫర్ పెట్టాను. దశ 2లోని బఫర్ ఇప్పుడు హెపీసే. ట్రిస్ అనే బఫర్ చవక. కానీ అధిక గాఢతలో ట్రిస్ ఫోటోసిస్టమ్ 2లోని మాంగనీసును బయటికి లాగేస్తుంది. ఆ గుణాన్నే ప్రయోగశాలల్లో నీటి విచ్ఛిత్తిని ఆపడానికి వాడతారు. తక్కువ గాఢతలో చేయకపోవచ్చు. అయినా నిరోధమే కొలతగా ఉన్నచోట అనుమానం ఉన్న బఫర్ ఎందుకు?

*తిరిగి వచ్చినది ఎంత?* శుభ్రమైన నల్లరేగడికి తెలిసినంత అట్రాజిన్ కలిపి, రెండు వారాలు తేమగా ఉంచి తీసి చూశాను. కాల్షియం నీళ్లకు వచ్చింది 40 శాతం. 80:20 మిథనాల్, నీళ్లకు వచ్చింది దాదాపు 80 శాతం. తేడా ఇంత ఉంటే నీళ్లను నమ్ముకోలేము. అయితే మిథనాల్ థైలకాయిడ్లను చంపుతుంది. క్యూవెట్‌లో 2 శాతం దాటితే మందు లేకున్నా వేగం పడిపోయింది. అందుకని మిథనాల్‌ను ఆవిరి చేసి, మిగిలినదాన్ని బఫర్‌లో కరిగిస్తున్నాను.

ఇప్పటి పద్ధతి:

1. మట్టిని నీడలో ఆరబెట్టి, 2 మి.మీ. జల్లెడ పట్టి, 10 గ్రా. తూచాలి.
2. మిథనాల్ 16 మి.లీ., నీళ్లు 4 మి.లీ. పోసి మూత బిగించి అరగంట కుదపాలి.
3. వడకట్టి 10 మి.లీ. పింగాణీ గిన్నెలో తీసుకుని, గోరువెచ్చని నీటి గిన్నెపై ఫ్యాను కింద ఆరనివ్వాలి. మంట వద్దు. మిథనాల్ మండుతుంది, దాని ఆవిరి విషం. ఈ పని ఆరుబయట చేయాలి.
4. మిగిలిన మరకను 5 మి.లీ. హెపీస్ బఫర్‌లో (1 మిల్లీమోలార్ ఈడీటీఏ కలిపినది) కరిగించి, మళ్లీ వడకట్టాలి.
5. క్యూవెట్‌లో బఫర్ 1.5 మి.లీ., మట్టి ద్రావణం 1 మి.లీ., డీసీపీఐపీ 0.3 మి.లీ., చివరగా థైలకాయిడ్లు 0.2 మి.లీ.

ఈడీటీఏ ఎందుకంటే, టమాటాకు రాగి మందులు కొట్టిన చేను మట్టి ఒకటి అట్రాజిన్ లేకుండానే నిరోధం చూపింది. రాగి అయాన్లు కూడా ఫోటోసిస్టమ్ 2ను దెబ్బతీస్తాయి. ఈడీటీఏ వాటిని పట్టేశాక 26 శాతం నిరోధం 5కు దిగింది.

పశువుల ఎరువు బాగా తోలిన మట్టితో ఇంకో చిక్కు వచ్చింది. చీకట్లోనే నీలం నెమ్మదిగా తగ్గింది. మట్టిలోని పదార్థాలే రంగును తినేస్తున్నాయి. దీనివల్ల ఉన్న మందు కూడా లేనట్టు కనిపిస్తుంది. రైతుకు ఇది మరింత ప్రమాదం. అందువల్ల ప్రతి నమూనాకూ ముందు రెండు నిమిషాలు చీకటి కొలత తీసి, వెలుతురు వేగంలో నుంచి తీసివేస్తున్నాను.

అన్నిటికంటే ఎక్కువ కాపాడింది జంట క్యూవెట్. ప్రతి మట్టి ద్రావణాన్నీ రెండుగా తీసి, రెండోదానిలో తెలిసినంత అట్రాజిన్ కలపాలి. కలిపిన దానికి తగ్గట్టు నిరోధం పెరగకపోతే, మొదటి కొలత ఎంత బాగున్నా పారేయాలి. ఇది లేకుండా వచ్చిన 'మందు లేదు' అనే ఫలితాన్ని నేను ఎవరికీ చెప్పను.

ఖర్చు: హెపీస్ ₹1,450, మిథనాల్, ఈడీటీఏ, వడపోత కాగితాలు ₹980. మొత్తం: ₹6,240.

దశ 5: ప్రమాణ రేఖ

అంగట్లో దొరికే 50 శాతం పొడి 0.2 గ్రా. తీసుకుని 100 మి.లీ. మిథనాల్‌లో కలిపి వడకడితే మి.లీ.కు 1 మి.గ్రా. అట్రాజిన్. పొడిలోని మిగతా సగం మట్టిలాంటి పూరకం, అది కాగితంపై ఆగుతుంది. దాని నుంచి పలుచనలు.

క్యూవెట్‌లో లీటరుకు ఎన్ని మైక్రోగ్రాములు, వేగం ఎంత శాతం తగ్గింది:

10: 15 శాతం
25: 31 శాతం
50: 48 శాతం
100: 66 శాతం
200: 80 శాతం

ఒకే నమూనాను మళ్లీ మళ్లీ కొలిస్తే తేడా 7 శాతం దాకా వస్తోంది. కాబట్టి 15 శాతం లోపు దేన్నీ లెక్కలోకి తీసుకోను. పై పద్ధతి, 80 శాతం రాబడి లెక్కన, కిలో మట్టిలో 0.1 మి.గ్రా. ఉంటే క్యూవెట్‌లో సుమారు 27 మైక్రోగ్రాములు. నమ్మకంగా చూడగలిగే అడుగు హద్దు కిలోకు 0.05 మి.గ్రా.

ఇది చాలునా? హెక్టారుకు 1 కిలో అట్రాజిన్ పడి, పై 15 సెం.మీ. మట్టిలో సమంగా కలిస్తే కిలోకు సుమారు 0.45 మి.గ్రా. అందులో తొమ్మిదో వంతు మిగిలే దాకా పెట్టెకు కనిపిస్తుంది.

తాగునీటికి మాత్రం ఇది పనికిరాదు. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 అట్రాజిన్‌కు లీటరుకు 2 మైక్రోగ్రాముల హద్దు పెట్టింది. అంత మందున్న నీళ్లు ఒక మి.లీ. క్యూవెట్‌లో వేస్తే లీటరుకు 0.7 కూడా రాదు. 'మా బోరు నీళ్లు చూడండి' అని సీసాలు తెచ్చేవారికి కాదనడం కష్టమే. కానీ ఈ పెట్టె 'లేదు' అన్న మాట పట్టుకుని ఒక ఇల్లు ఆ నీళ్లు తాగితే ఆ బాధ్యత పెట్టె మోయలేదు.

ఖర్చు: లేదు. మొత్తం: ₹6,240.

దశ 6: చేలలో

మట్టి తీసే చోటు విషయంలో ఒక మాట. సాళ్ల చివర స్ప్రేయరు తిప్పే చోట మందు రెండుసార్లు పడుతుంది. చేను నడుమ నుంచి తీసిన మట్టినీ, గట్టు పక్కన తిరిగే చోటి మట్టినీ వేరువేరుగా కట్టాలి. కలిపితే నడుమ ఉన్న మంచి నేలకు చెడ్డపేరు, చివరి నేలకు మంచిపేరు వస్తాయి.

కేసీ కాలువ కింద నల్లరేగడి చేను, యాసంగి మొక్కజొన్న తరువాత: నడుమ మట్టి నిరోధం 17 శాతం, సాళ్ల చివర 38 శాతం. రెండోది కిలోకు 0.12 మి.గ్రా.తో సమానం. అదే మట్టిని బయటి ప్రయోగశాలకు పంపితే 0.09 వచ్చింది.

కోడుమూరు వైపు ఎర్రనేల: పెట్టెలో 6 శాతం, అంటే హద్దు లోపు. ప్రయోగశాల కూడా తమ హద్దు లోపే అంది.

వీటితోపాటు కుండీల్లో దోస గింజలు వేశాను. అట్రాజిన్ మొలకను ఆపదు. గింజలోని నిల్వ తిన్నన్నాళ్లూ మొక్క బాగానే ఉంటుంది, సొంతంగా వండుకోవలసి వచ్చినప్పుడు పడిపోతుంది. సాళ్ల చివరి మట్టిలో రెండో వారానికి ఆకుల అంచులు పసుపెక్కి, అక్కడి నుంచి లోపలికి ఎండాయి. నడుమ మట్టిలోని మొక్కలు కాస్త పాలిపోయి నిలదొక్కుకున్నాయి. ఎర్రనేలవి పచ్చగా ఉన్నాయి.

ఆ చేను కౌలుదారు అడిగింది ఒక్కటే: "మేడమ్, ఉల్లి వేయవచ్చా, వద్దా? అంకెలు నాకెందుకు?" ఆయన అడిగింది సబబే. అందుకే తెరపై శాతం తీసేసి మూడే మాటలు పెట్టాను: 30 శాతం పైన 'ఉంది', 15 నుంచి 30 దాకా 'అనుమానం', 15 లోపు 'కనబడలేదు'. 'లేదు' అన్న మాట పెట్టలేదు. 0.05 లోపు కూడా లేత ఉల్లి మొలకకు హాని జరగవచ్చు. 'కనబడలేదు' వచ్చినా దోస కుండీ ఒకటి పెట్టి చూడమనే చెబుతున్నాను. ఆయన సాళ్ల చివర జొన్న వేసుకుని, నడుమ ఉల్లి వేశారు.

ఖర్చు: బయటి ప్రయోగశాలకు రెండు నమూనాలు ₹7,200. మొత్తం: ₹13,440. పెట్టెలో ఒక్కో నమూనాకు పదార్థాల ఖర్చు ₹65 దాకా.

ఇప్పుడు జరుగుతున్నది

రోజూ ఆకు రుబ్బకుండా నిల్వ చేయగలిగితే పెట్టె కళాశాల దాటి పోతుంది. కాల్షియం ఆల్జినేట్ పూసలలో బంధిస్తే నీలి రంగు పూసలోకి ఇంకడానికే ఎక్కువ సమయం పట్టింది, పూసకూ పూసకూ ఫలితం మారింది. దాన్ని పక్కన పెట్టాను. సగం గ్లిసరాల్ కలిపి మైనస్ 20 డిగ్రీలలో చిన్న గొట్టాల్లో పెట్టినవి రెండు వారాల తరువాత తొలి వేగంలో 60 శాతం ఇస్తున్నాయి. 50 మైక్రోగ్రాముల అట్రాజిన్‌కు నిరోధం 46 శాతం, తాజావాటికి దగ్గరే. ఒకసారి కరిగినవాటిని మళ్లీ గడ్డకట్టిస్తే వేగం 20 శాతానికి పడిపోయింది. అందుకే ఒక్కో గొట్టంలో ఒక పూటకు సరిపడా 1.2 మి.లీ. మాత్రమే నింపుతున్నాను. నాలుగు, ఆరు, ఎనిమిది వారాల గొట్టాలు ఇంకా ఫ్రీజర్‌లో ఉన్నాయి.